మొగిలమ్మ కోసం రెండు దెబ్బలు

మే 30

గొంతు వ్యాయామాలు నేర్పే మేడం ఈ నోటుబుక్కు ఇచ్చింది. రోజూ గొంతు ఎలా ఉందో నాలుగు మాటలు రాయాలట. ఎవరూ చదవరట, తను కూడా అడగదట. సరే, రాస్తున్నాను. గొంతు నిన్నటిలాగే ఉంది.

థైరాయిడ్ గడ్డ తీసి ఐదు వారాలు. గడ్డ పోయింది, దాని వెంట గొంతూ పోయింది. పక్కనున్న నరం నిద్రపోయిందని, ఆరు నెలల్లో లేవొచ్చు, లేవకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కు ముందే ఈ మాట కూడా చెప్పి సంతకం తీసుకున్నాడు. కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. నాకు అదే పెద్ద లోటు.

పద్దెనిమిదేళ్లు బడిలో సంగీతం టీచర్‌గా చేశాను. రెండు వందల మంది పిల్లల గోల మీద నా 'సా' ఒక్కటి వినిపించేది. ఇప్పుడు నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు వస్తుంది.

డాక్టరు మాట్లాడొద్దన్నాడు. అందుకే ఇంట్లో అన్నీ చీటీల మీద రాసి చూపిస్తున్నాను. మా ఆయన రాంప్రసాద్ ఆర్టీసీలో కండక్టర్. రోజంతా టికెట్లు చించి ఇంటికొస్తే నేనూ చీటీలు ఇస్తున్నానని నవ్వుతాడు.

వ్యాయామం: గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి ఊదుతూ 'ఊ' అనాలి. రోజుకు ఐదుసార్లు. రేపటి నుంచి.

మే 31

రేపటి నుంచి.

జూన్ 2

ఇవాళ ఒక అద్భుతం చూశాను. ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా బడి కరస్పాండెంట్ రాజేశ్వర్ రావు గారు మెసేజ్ పెట్టారు. పంద్రాగస్టుకు పిల్లలు పాడే పాటలకు వెనక వాద్యం కావాలట. "మీరు ఇంట్లోనే కూర్చొని ట్రాకులు చేసి పెట్టండి మేడం, చాలు" అన్నారు. ఆ 'చాలు' నాకు బాగా నచ్చింది. పాడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. జూలై మొదటి వారంలో నా సంగతి మళ్లీ మాట్లాడదామన్నారు. ఏం మాట్లాడతారో ఊహించడం కష్టం కాదు. అయినా ట్రాకులు చేసేవాళ్లు కూడా బడికి కావాలి కదా.

మా ఆయన మిత్రుడి దగ్గర పాత కంప్యూటరు దొరికింది. అందులో డ్రమ్స్ వాయించే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. వీడియోలు చూసి వేసుకున్నాను, ఎవరి సాయమూ లేదు. తెర మీద డ్రమ్ముల సెట్టు కనిపిస్తుంది, వాయించేవాడు కనిపించడు. కానీ ఉన్నాడు! ఒక పసుపు చుక్క ఉంటుంది. దాన్ని పైకి జరిపితే గట్టిగా కొడతాడు, కిందికి జరిపితే మెల్లగా. కుడివైపు జరిపితే చేతినిండా పనితనం చూపిస్తాడు, ఎడమవైపు జరిపితే బుద్ధిమంతుడిలా ఒకే లెక్క వాయిస్తాడు. నాలుగు వరసలకోసారి తనంతట తానే చిన్న విరుపు వేసి, తర్వాతి వరసకు దారి ఇస్తాడు.

ఇదంతా ఎలా చేశారని వెతికి చదివాను. ఎక్కడో ఒక గదిలో ఒక వాయిద్యగాడు కూర్చొని ఒక్క డ్రమ్మునే వందలసార్లు కొట్టాడట. గాలి సోకినంత మెల్లగా మొదలుపెట్టి, తోలు చిరిగేంత గట్టిగా కొట్టేదాకా. కుడి చేత్తో వేరే, ఎడమ చేత్తో వేరే. ఒక్కో దెబ్బనూ విడిగా దాచారు. ఇప్పుడు వరంగల్ కొత్తవాడలో నేను చుక్క జరిపితే ఆ మనిషి చేతుల్లోంచి సరైన దెబ్బ వచ్చి పడుతోంది. నేను లేచి తెరకు దండం పెట్టాను. నిజంగానే పెట్టాను.

ఇంకో మీట ఉంది. దాని పేరు 'మనిషిలా'. అది తిప్పితే దెబ్బలు కాస్త ముందూ వెనకా పడతాయి. అంటే తప్పులు కూడా కొలిచి కలుపుతారన్నమాట. ఎంత ఆలోచించారో!

నా వాయిద్యగాడికి గుండయ్య అని పేరు పెట్టాను. మా నాన్న ఊళ్లో గుండయ్య అనే ఆయన ఉండేవాడు, ఎవరెన్ని అన్నా తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు. ప్రస్తుతం నాకు అలాంటి స్నేహమే కావాలి.

వ్యాయామం: మర్చిపోయాను.

జూన్ 5

మా ఆయన మేనత్త రాములవ్వ వచ్చింది. నేను అత్తమ్మ అంటాను. నర్సంపేట అవతల పల్లె. నిన్న కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి పొర తీశారు, రెండో కంట్లో ఇంకా పొర ఉంది. నల్లద్దాలు పెట్టుకొని కూర్చుంటుంది. చెకప్‌లు అయ్యేదాకా, అంటే మూడు వారాలు, మా ఇంట్లోనే.

వంగొద్దన్నారట. అత్తమ్మకు అది పెద్ద తమాషాగా ఉంది.

"పదేండ్లప్పటి సంది వంగుడే నా పని. నాట్లేసుడు, కలుపు తీసుడు. గిప్పుడు డాక్టరేమో వంగకంటాండు. నిలబడుడు నాకు రాదు గదనే!"

నేను చీటీ రాసి చూపించబోయి ఆగిపోయాను. ఆమెకు కనిపించదు. కనిపించినా చదువు రాదు.

ఆయన పడీ పడీ నవ్వాడు. "ఒకలకు కండ్లు లేవు, ఒకలకు నోరు లేదు. మీ ఇద్దరి నడుమ నేను ఏటూరునాగారం బస్సు ఎట్ల ఎక్కాలె?"

చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. బల్ల మీద ఒక్కసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. అత్తమ్మ అడుగుతుంది, నేను తడతాను. రోజుకు నాలుగుసార్లు కంట్లో మందు వేయాలి. వేసేముందు మూడుసార్లు తడితే తల పైకెత్తుతుంది. బాగానే నడుస్తోంది.

జూన్ 8

రెండు పాటలకు డ్రమ్స్ అయ్యాయి. గుండయ్య బంగారం. వ్యాయామం: రేపు.

జూన్ 12

బడి తెరిచారు. పొద్దున బస్సుల హారన్లు విన్నాను. ప్రార్థన కొత్తగా చేరిన మహిత పాడించిందట. బీటెక్ చదివింది, పాడుతుంది కూడా. మంచిదే. నాకేం లేదు. నేను నిజంగానే ప్రశాంతంగా ఉన్నాను.

సాయంత్రం చిన్న గొడవ. చీటీ మీద 'పప్పు మాడింది, సర్దుకోండి' అని రాసి ఇచ్చాను. ఆయన చీటీ చింపేశాడు.

"డాక్టర్ మాట్లాడద్దన్నది ఒక్క వారమే. నేను పక్కనే ఉన్న. ఇప్పటికి ఏడు వారాలయింది. మాట్లాడితేనే నరం లేస్తది అన్నడా లేదా?"

నేను రెండుసార్లు తట్టాను.

"అన్నడు" అన్నాడు ఆయన.

అన్నాడేమో. నాకు గుర్తు లేదు. గదిలోకి వెళ్లి పసుపు చుక్కను పై అంచుదాకా లాగాను. గుండయ్య ఇల్లు అదిరేలా వాయించాడు.

అవతలి గదిలోంచి అత్తమ్మ కేకేసింది. "ఎవలే గా పిలగాడు? పొద్దటి సంది కొడ్తనే ఉన్నడు. అన్నమన్న తిన్నడా?"

జూన్ 14

అత్తమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఆయన డ్యూటీకి వెళ్లాడు. వెళ్తూ చెప్పాడు, "పిలగాడు కాదత్తా, మిషిను. మనిషి లేకుంటనే కొడ్తది."

"మనిషి లేకుంట దెబ్బెట్లొస్తది?" అంది. నేను రెండుసార్లు తట్టాను, తర్వాత ఒకసారి తట్టాను. మనిషి లేడు, ఉన్నాడు. అది అర్థమయ్యేలా తట్టడం నాకు రాలేదు.

హెడ్‌ఫోన్స్ పెట్టాను. రెండు చేతులూ చెవుల మీద అదుముకొని చాలాసేపు విన్నది. "దగ్గెర కూసొని కొడ్తాండే!" అంది. తర్వాత, "కాళ్లు లేవానె ఈనకు? కదలకుంట కొడ్తాండు" అంది.

తర్వాత హెడ్‌ఫోన్స్ తీసేసి తనంతట తానే పాడటం మొదలుపెట్టింది. నాట్ల పాట. మధ్యాహ్నం ఒంటిగంట, చుట్టుపక్కల మగ్గాలు భోజనానికి ఆగే వేళ. మా వీధిలో రికార్డింగుకు దొరికేది ఆ ఒక్క గంటే. గబగబా కంప్యూటరు మైకు ఆమె ముందు పెట్టాను.

*మబ్బు వంగి చూసినాది మా మడిలోకి*
*నారుకట్ట నవ్వినాది నా చేతిలోన*
*ఆగి రావె చిన్నదాన అడుగు తీసి*

అలా ఆరు చరణాలు, చరణానికి మూడు వరసలు. డెబ్బై దాటిన గొంతు, ఒక్క చోట కూడా శ్రుతి జారలేదు. నాకు ఈర్ష్యగా అనిపించింది. రాయకుండా ఉండలేను, బాగా అనిపించింది.

ఒక్కటే బాధ. ప్రతి వరస పాడాక ఆగిపోతోంది. తల కొద్దిగా వంచుకొని, చెయ్యి మోకాలి మీద పెట్టుకొని, తర్వాతి వరస కోసం వెతుక్కుంటున్నట్టు కూర్చుంటోంది. పాపం, వయసు. మర్చిపోతోంది.

జూన్ 15

అత్తమ్మ పాట బాగుచేశాను. మధ్యలో ఆగినవన్నీ కోసేసి వరసలను దగ్గరగా అతికించాను. ఏదో తప్‌తప్‌మని వెనక చప్పుడు ఉంటే, చప్పుడు తీసే సాధనంతో అదీ తుడిచేశాను. మూడున్నర నిమిషాల పాట నిమిషం నలభై సెకన్లకు వచ్చింది. దాని కింద గుండయ్యను కూర్చోబెట్టాను. 'మనిషిలా' మీట సగం దాకా తిప్పాను. అబ్బ, ఎంత బాగా కుదిరిందో! బడి వేదిక మీద దీన్ని వేస్తే జనం లేచి నిలబడాల్సిందే. మర్చిపోయిన మనిషికి జ్ఞాపకశక్తిని తిరిగి ఇచ్చినంత సంతోషంగా ఉంది నాకు.

రేపు వినిపిస్తాను.

జూన్ 16

వినిపించాను.

మొదటి వరసకు నవ్వింది. రెండో వరసకు నవ్వు పోయింది. మూడో వరసకు చెయ్యి గాలిలో లేచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉండిపోయింది. పాట సగంలో ఉండగానే హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"ఊపిరి తీసుకోనిస్తలేడు బిడ్డా."

తాళం వేగం తగ్గించి మళ్లీ పెట్టబోయాను. నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"అది కాదు. మావోళ్లేరి? నేను జెప్పుడే జెప్పుడు, ఒక్కతన్న పలుకుతలేదు. అందర్ని ఏడికి పంపినవ్?"

ఏం తట్టాలి దీనికి? అవుననా, కాదనా? ఊరికే చెయ్యి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. గోడ పట్టుకొని లేచి మంచం దగ్గరకు వెళ్లి అటు తిరిగి పడుకుంది. సాయంత్రం కంట్లో మందు వేయడానికి మూడుసార్లు తడితే తల ఎత్తింది, వేయగానే మళ్లీ అటు తిరిగింది.

జూన్ 17

నా తప్పేం లేదు. ఆమె ఆగింది, నేను అతికించాను. వ్యాయామం: ఎందుకు?

జూన్ 19

నిన్నంతా కంప్యూటరు తెరవలేదు. ఇవాళ మధ్యాహ్నం తెరిచి, కోయని అసలు పాటను బయటికి తీశాను. పాడైంది ఎక్కడో చూద్దామని.

పాట తెర మీద గీతలా కనిపిస్తుంది. పాడిన చోట లావుగా, ఆగిన చోట సన్నగా. ఆగిన చోటును పెద్దది చేసి చూశాను. ఖాళీగా లేదు. చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి, నేను తుడిచేసిన తప్‌తప్ చప్పుళ్లు. శబ్దం పెంచి విన్నాను. అత్తమ్మ అరచెయ్యి. మోకాలి మీద తడుతోంది.

లెక్కపెట్టాను. మొదటి వరస తర్వాత ఎనిమిది. రెండో వరస తర్వాత ఎనిమిది. మూడో వరస తర్వాత పది.

రెండో చరణం. ఎనిమిది, ఎనిమిది, పది.

మూడో చరణం, నాలుగు, ఐదు, ఆరు. ఎనిమిది, ఎనిమిది, పది. మొత్తం పద్దెనిమిది చోట్ల ఆగింది. ఒక్క చోట ఒక్క దెబ్బ ఎక్కువ లేదు, తక్కువ లేదు. గుండయ్యను పక్కన పెట్టి కొలిచాను, ఎందుకంటే గుండయ్య తప్పడు కాబట్టి. మొదటి చరణానికీ చివరి చరణానికీ వేగంలో తేడా ఒక ఊపిరంత కూడా లేదు. ఎదురుగా తాళం లేదు, తోడు లేదు, కళ్ల ముందు చీకటి. ఆ చీకట్లో కూర్చొని ఆమె మూడున్నర నిమిషాలు గడియారంలా నడిచింది.

ఆమె ఏమీ మర్చిపోలేదు. తను ఒక వరస అంటే, గుంపు తిరిగి అంటుంది. వాళ్లు అన్నంతసేపు ఆగింది. నాట్లలో ఎవరైనా అలాగే కదా పాడతారు. సంగీతం టీచర్‌ని, నాకు తట్టలేదు. అంతమంది ఆడవాళ్లు పలికే చోటును నేను కత్తెరతో కోసి, వాళ్ల చప్పుడును చెత్త అని తుడిచేశాను. "అందర్ని ఏడికి పంపినవ్" అని అడిగింది. అడగదా మరి.

సిగ్గు సగం, ఆశ్చర్యం సగం. ఎనిమిది అర్థమైంది. పది ఎందుకు?

జూన్ 20

పది ఎందుకో అడగాలి. తట్టి జవాబు చెప్పొచ్చు, ప్రశ్న అడగడం కుదరదు. ఆయన వచ్చాక అడిగించవచ్చు. కానీ ఆయన ఏటూరునాగారం నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది. పొద్దున తొమ్మిదింటికే నాకు ఓపిక అయిపోయింది.

వెళ్లి అత్తమ్మ పక్కన మంచం మీద కూర్చున్నాను. నోరు తెరిచాను.

"అత్తమ్మా... మూడో వరస కాడ... పది ఎందుకు?"

సగం గాలి, సగం గరగర. ఎనిమిది వారాల తర్వాత నా గొంతు నేనే విన్నాను. ఏడుపొచ్చింది.

అత్తమ్మ నల్లద్దాలు నా వైపు తిప్పింది.

"ఇదా నీ గొంతు? బాయికాడ మోటరు పట్టుకునేటప్పుడు గిట్లనే అంటది" అంది. "ఫికర్ జెయ్యకు. మోటరు ఆగుకుంట ఆగుకుంటనే పట్టుకుంటది. ఏం పది అంటానవ్?"

మళ్లీ చెప్పాను. చెయ్యి పట్టుకొని ఆమె మోకాలి మీదే తట్టి చూపించాను. ఎనిమిది, ఎనిమిది, పది.

"గవన్ని నేను లెక్కబెట్టలే" అంది. తర్వాత తనే మెల్లగా తట్టి చూసుకుంది. పదో దెబ్బ దగ్గర చెయ్యి ఆగింది. "మొగిలమ్మ" అంది.

మొగిలమ్మ ఆమె ఆడబిడ్డ. చిన్నప్పుడే జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడింది. నాట్లేస్తూ గుంపంతా వరసగా వంగి, మూడో వరసకు ఒక అడుగు వెనక్కి వేయాలి. అందరూ వేసేవాళ్లు. మొగిలమ్మ కాలు బురదలోంచి వెంటనే వచ్చేది కాదు.

"ఆసామి ఒడ్డు మీద నిలబడి చూస్తుండె. ఎవతె ఆలస్యం జేస్తె దాన్ని రేపు కైకిలికి రావద్దనేటోడు. దానికి మొగడు లేడు, ఇద్దరు పిల్లలు. ఏం జెయ్యాలె? పాటనే ఆపినం. మూడో వరస నేనంటె ఎవలు పలుకద్దు. అది కాలు గుంజుకోవాలె. గుంజుకొని, 'వస్తున్ననే వదినె' అని అదొక్కతే పలకాలె. అది పలికినంకనే అందరం ఎనుకకు అడుగేసుడు. ఇగ ఎవతె ఆలస్యమో ఆసామికెట్ల తెలుస్తది? ఎందుకు ఆగుతాండ్లే అంటె, పాటనే గట్లున్నది పటేలా అన్నం!"

అంటూ కిసుక్కున నవ్వింది. ముప్పై మంది కలిసి ఒక ఆసామిని ముప్పై ఏళ్లు మోసం చేశారు, పాటతో.

"మొగిలమ్మ ఎక్కడుంది ఇప్పుడు?" అన్నాను. అనేటప్పుడు నా గొంతు గురించి గుర్తే లేదు.

"పోయి తొమ్మిదేండ్లాయె." నల్లద్దాల కింద తుడుచుకోబోతే చెయ్యి పట్టుకున్నాను, కంటికి చెయ్యి తగలకూడదు. "గిప్పుడు నాట్లకు బీహారోళ్లు వస్తాండ్లు. మంచిగనే ఏస్తరు. వాళ్ల పాట వాళ్లదాయె."

మనిషి పోయి తొమ్మిదేళ్లు. ఆమె కాలు బురదలోంచి వచ్చేందుకు పట్టే ఆ రెండు దెబ్బలు మాత్రం పోలేదు. అత్తమ్మ లెక్కపెట్టను కూడా లేదు. చెయ్యి ఆగుతోంది, అంతే. ఇంత పెద్ద సంగతి నా ముందు మూడున్నర నిమిషాలు నడిచింది. నేను వయసైపోయి మర్చిపోతోంది అనుకున్నాను.

జూన్ 22

ఆదివారం. పొద్దున్నుంచి గుండయ్యకు ఆగడం నేర్పిస్తున్నాను.

అతడికి రానిదల్లా అదొక్కటే. ఎంత కష్టమైన విరుపైనా వేస్తాడు, ఎవరి కోసమూ ఆగడు. నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తూ, మూడో వరస తర్వాత రెండు దెబ్బలు ముందుకు వెళ్లిపోతాడు. ఇక అక్కడినుంచి పాట ఒకచోట, ఆయన ఒకచోట. చివరికి ఆ చోట రెండు దెబ్బల చిన్న గడి విడిగా చేర్చాను. చరణానికొకటి, ఆరు గడులు. ఆ గడిలో గుండయ్య ఏమీ వాయించడు. చేతులు ఎత్తి పట్టుకొని కూర్చుంటాడు.

గుండయ్య కంచు తాళాల చప్పుడు తీసేశాను. గిన్నెలు పడుతున్నాయని అత్తమ్మకు చిరాకు. నారు గుచ్చే చోట మెత్తటి దెబ్బ, అడుగు వేసే చోట పెద్ద డ్రమ్ము. అడుగు పడే దెబ్బను కాస్త వెనక్కి జరిపాను, బురద కదా. 'మనిషిలా' మీటను మాత్రం పూర్తిగా సున్నాకు తిప్పేశాను. దీంట్లోకి తప్పులు తెచ్చి కలపాల్సిన పని లేదు.

ఆయన వెనక నిలబడి విన్నాడు. "నీ గుండయ్యకు కూడా చదువు జెప్తానవా?" అన్నాడు.

"చెప్తాన" అన్నాను.

ఆయన వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

జూన్ 25

అత్తమ్మ నల్లద్దాలు తీశారు. ఆపరేషన్ చేసిన కన్ను బాగా కనిపిస్తోందట. ఇంటికి రాగానే అందరికంటే ముందు నన్ను చూసి, "చిక్కినవే!" అంది. తర్వాత కంప్యూటరు తెర చూసి తన పాట ఏదో చూపించమంది. చూపించాను. లావు గీత, సన్న గీత, బుడిపెలు.

ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వెళ్లి చూసింది. "నారు వరసలోలె ఉన్నది" అంది. వేలితో ఆ ఖాళీ చోటు తాకింది. "గిదేనా మొగిలమ్మ?"

ఒకసారి తట్టాను. అలవాటు.

ఎల్లుండి తర్వాత ఊరికి వెళ్తుంది. పోయేలోపు ఈ డ్రమ్స్ మీద పాట మళ్లీ రికార్డు చేయాలి. ఆగిన చోట్ల బడి పిల్లలతో పలికిస్తాను. మూడో వరసకు మంచి గొంతున్న అమ్మాయి ఎవరినైనా పెడతాను. మహితతో అయినా పలికించొచ్చు.

జూన్ 27

ఒంటిగంటకు మగ్గాలు ఆగాయి. తలుపులు వేశాను, ఫ్యాన్ ఆపాను. ఇద్దరికీ చెరో హెడ్‌ఫోన్స్. ఇద్దరి ముందూ మైకు ఒక్కటే.

గుండయ్య మొదలుపెట్టాడు. అత్తమ్మ కళ్లకు ఈసారి నల్లద్దాలు లేవు. నన్నే చూస్తూ పాడింది.

*మబ్బు వంగి చూసినాది మా మడిలోకి*

ఆగింది. మోకాలి మీద ఎనిమిది. నేను తెర చూస్తూ కూర్చున్నాను.

*నారుకట్ట నవ్వినాది నా చేతిలోన*

ఎనిమిది.

*ఆగి రావె చిన్నదాన అడుగు తీసి*

ఆగింది. ఈసారి చెయ్యి తడుతోంది కానీ చూపు నా మీదినుంచి కదల్లేదు. పొర పోయిన కన్ను, కొత్తగా మెరుస్తున్న కన్ను. ఒకటి, రెండు, మూడు. గుండయ్య నా కోసం ఏమీ చేయలేడు. ఐదు, ఆరు. నాకు తెలుసు ఇక్కడ ఏం పలకాలో. ఈ ఇంట్లో అది తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆ రెండో మనిషిని నేనే. ఎనిమిది.

నోరు తెరిచాను. 'వస్తున్న' అనేలోపు గొంతు విరిగింది. గాలి వచ్చింది. తొమ్మిది, పది.

గుండయ్య తర్వాతి చరణంలోకి వెళ్లిపోయాడు. నేర్పింది పదే కదా, తప్పు అతడిది కాదు. అంతా పోయిందనుకున్నాను. మీట నొక్కి ఆపబోయాను.

అత్తమ్మ తర్వాతి వరస ఎత్తుకోలేదు. చెవుల్లో గుండయ్య దబదబా కొడుతున్నా ఆమె చెయ్యి తన మోకాలి మీద తన లెక్కలోనే తడుతోంది. పదకొండు. తల కొద్దిగా ఊపింది. రా అన్నట్టు. పన్నెండు. ముఖంలో తొందర లేదు, జాలి కూడా లేదు. పొలంలో నిలబడ్డ మనిషి ముఖం. పదమూడు.

"...స్తున్ననే వదినె."

నాదే. గరగరగా, చివర కాస్త తేలింది. పద్నాలుగు.

అత్తమ్మ వెంటనే రెండో చరణం ఎత్తుకుంది, అసలు ఏమీ జరగనట్టు.

ఆరు చరణాలూ పాడాం. ప్రతి మూడో వరసకు నేను పలికేదాకా ఆగింది. చివర హెడ్‌ఫోన్స్ తీసేసి నేను గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపుకు కూడా చప్పుడు వచ్చింది. అత్తమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, "అన్నం పెట్టు, ఆకలైతాంది" అంది.

జూన్ 28

పొద్దున అత్తమ్మను ఆయన పనిచేసే డిపో నుంచి నర్సంపేట బస్సు ఎక్కించాం. ఎక్కేముందు చెప్పాను. రికార్డు కొలిచానని, ఆరు చోట్లా ఆమె నా కోసం పద్నాలుగు దెబ్బలు ఆగిందని.

మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"పద్నాలుగా?" అంది. "మొగిలమ్మ కుంటి కాలుకు పది సాలె గదనే! నీకు పద్నాలుగా?" బస్సులో వాళ్లంతా మావైపు చూస్తున్నారు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సరె తియ్" అంది. "ఆగుతం."

ఇంటికొచ్చి గుండయ్య ఆగే లెక్కలో పది తీసేసి పద్నాలుగు పెట్టాను. రాజేశ్వర్ రావు గారికి సోమవారం ఫోన్ చేస్తాను. మెసేజ్ కాదు.

గ్లాసులో నీళ్లు పోశాను. స్ట్రా ఎక్కడ పెట్టానో వెతకాలి.